గంటమ్మ మూడో పరీక్ష

గడ్డాలు గీసేవాడి గడ్డం మీదే తొమ్మిది గాట్లుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? మా వీధివాళ్ళు అన్నీ అనుకున్నారు. మొగుడూ పెళ్ళాలు కొట్టుకున్నారన్నారు, కత్తి మొద్దుబారిందన్నారు, చేతులు వణికే వయసొచ్చిందన్నారు. ఆ చివరి మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ వీధిలో గడ్డాలు గీస్తున్నాను. నా చేతికింద ఒక్క మెడ మీద చుక్క రక్తం రాలేదు. ఈ గాట్లు నావి కావు, మా ఆవిడ పెట్టినవి. అదీ నేను బుద్ధిగా కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చి, "కానివ్వు" అన్నాకే పెట్టింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

మా ఆవిడ ట్రామ్ డ్రైవరు. ఇరవై రెండేళ్ళుగా మా వీధిలోంచి వెళ్ళే లైను మీదే నడుపుతోంది. ట్రామ్‌లో డ్రైవరు ఎడమ కాలి కింద ఒక మీట ఉంటుంది. తొక్కితే బండి ముందున్న గంట ఠంగుమంటుంది. మిగతా డ్రైవర్లు దాన్ని అవసరానికి తొక్కుతారు. మా ఆవిడ దాంతో మాట్లాడుతుంది. ఒకసారి మోగితే 'జరగండి' అని. రెండుసార్లు మోగితే 'జరగమన్నానా లేదా' అని. మూడుసార్లు మోగితే దాని అర్థం నేను ఇక్కడ రాయలేను. అందుకే వీధంతా ఆవిణ్ణి గంటమ్మ అంటారు. ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిస్తే మాత్రం ఆ పూట నాకు కాఫీ ఉండదు.

మాది ఇరుకు వీధి. మధ్యలో పట్టాలు, అటూ ఇటూ దుకాణాలు, ఆ మిగిలిన కాస్త జాగాలో మేము. పట్టాలు రోడ్డులోకే దిగిపోయి ఉంటాయి కాబట్టి వాటి మీద నడవచ్చు, నిలబడి కబుర్లు చెప్పుకోవచ్చు, ట్రామ్ వచ్చేదాకా. నా షాపు పక్కనే చెప్పులు కుట్టే తాత కూర్చుంటాడు. ఆయన పెట్టెకీ ట్రామ్ అంచుకీ మధ్య జానెడు దూరం. కుడికాలు చాపుకుని కూర్చుంటాడు, గంట వినగానే తల ఎత్తకుండానే మోకాలు ముడుస్తాడు, బండి వెళ్ళగానే మళ్ళీ చాపుతాడు. ఎదురుగా కూరల పిన్ని. ట్రామ్ ఆగినప్పుడు కిటికీలోంచి ఎవరికో సంచీ అందిస్తుంది, సాయంత్రం ఖాళీ సంచీ అదే ట్రామ్‌లో తిరిగొస్తుంది. బీరువా మోసుకొచ్చే కూలీలు ట్రామ్ కనబడగానే బీరువా దించేసి, దానికే చేరబడి, మొహాలు తుడుచుకుంటారు. మా వీధిలో ఊపిరి పీల్చుకునే టైము ట్రామ్ ఇస్తుంది.

కొత్తవాళ్ళు మమ్మల్ని చూసి హడలిపోతారు. అంత పెద్ద బండి జానెడు దూరంలోంచి పోతుంటే మీకు భయం వెయ్యదా అని అడుగుతారు. ఎందుకేస్తుంది? ట్రామ్ పక్కకి రాదు. రావాలన్నా రాలేదు. నిన్న ఎక్కణ్ణుంచి పోయిందో ఇవాళా అక్కణ్ణుంచే పోతుంది. ఆ ధీమాతోనే మా వీధంతా కడుపులో చల్ల కదలకుండా బతుకుతోంది.

ఇక నా షాపు. ఏడు నిమిషాలకోసారి అటో ఇటో ఒక ట్రామ్ వెళుతుంది. అది కనబడకముందే నా అరలోని సీసాలు గలగలమంటాయి, తరవాత కుర్చీ సన్నగా అదురుతుంది. సీసాలు పలకగానే నా కత్తి పైకి లేస్తుంది. బండి వెళ్ళేదాకా గాల్లోనే ఉంటుంది. నేను ఆలోచించి ఎత్తను, అదే లేస్తుంది. నా కస్టమర్లకీ ఇది అలవాటే. కత్తి గొంతు మీద ఉన్నప్పుడు ఎవడూ నోరు విప్పడు కదా, చెప్పాలనుకున్నదంతా దాచుకుని ట్రామ్ రాగానే గబగబా చెప్పేస్తారు. ఒక పెళ్ళి గొడవ వినాలంటే నాకు నాలుగు ట్రామ్‌లు పడతాయి.

మా పెళ్ళి గొడవకి ఒక్క ట్రామే పట్టింది. అప్పుడు ఆవిడ కొత్తగా బండెక్కిన డ్రైవరు. నా కస్టమరొకడు తెలివి తక్కువగా కారు పట్టాల మీద వదిలేసి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. సగం మొహానికి నురగ పెట్టానో లేదో బయట గంట మొదలైంది. ఆగదే! చెవులు తూట్లు పడుతున్నాయి. వాడు నురగ మొహంతోనే కారు తియ్యడానికి పరిగెత్తాడు, వాడి వెనకే నేను కోపంతో ఊగిపోతూ వెళ్ళాను.

"ఏంటమ్మా ఆ మోత? ఇక్కడ మనుషులు బతకొద్దా?" అని అరిచాను.

ఆవిడ కిటికీలోంచి తొంగి చూసి, "ముందు ఆ కత్తి లోపల పెట్టి రండి, తరవాత పోట్లాడదాం," అంది.

చూసుకుంటే నిజంగానే చేతిలో కత్తి ఉంది. ట్రామ్‌లో ఉన్న నలభై మందీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసుకున్నాను. ఆ పోట్లాట ఇంకా అవలేదు.

ఇలా హాయిగా సాగిపోతుంటే మొన్న ఎండాకాలంలో ట్రామ్ ఆఫీసువాళ్ళు ఒక కాగితం అంటించారు. పట్టాలు అరిగిపోయాయి, వంతెన దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం మారుస్తారు, ఐదు నెలలు ట్రామ్‌లు ఉండవు, బదులుగా బస్సులు నడుపుతారు. ట్రామ్ డ్రైవర్లు బస్సు పరీక్ష పాసైతే అదే లైను మీద బస్సు నడపొచ్చు, పట్టాలు వేశాక మళ్ళీ ట్రామ్ కూడా వాళ్ళదే. పాసవ్వని వాళ్ళకి వేరే పని ఇస్తారు, వాళ్ళ లైను పాసైన వాళ్ళకి పోతుంది. అవకాశాలు మూడు.

"వేరే పనంటే ఏంటట?" అని అడిగాను.

"పెద్ద స్టేషన్లో, జనం మర్చిపోయిన సామాన్ల గది," అంది. "కిటికీ కూడా లేదు. గొడుగుల మధ్య కూర్చోవాలి. రిటైరయ్యేదాకా."

"దానికేం? బస్సు కూడా బండేగా? ఇరవై రెండేళ్ళు అంత పొడుగు ట్రామ్ నడిపినదానివి, నీకిదొక లెక్కా?"

అన్నాను, నా నోటికి దణ్ణం పెట్టాలి.

మొదటి పరీక్షకి ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళి, మధ్యాహ్నానికి ఇసక కొట్టుకుపోయిన చెప్పులతో తిరిగొచ్చింది. వెంట వాళ్ళ తమ్ముడున్నాడు. వాడు లారీ నడుపుతాడు, నాకు ఒక్కగానొక్క బామ్మర్ది, నోరు ఒకటి పెద్దది. జరిగింది వాడు చెప్పాడు. బస్సు బ్రహ్మాండంగా కదిలిందట. మొదటి మలుపు వచ్చింది. అక్క నిబ్బరంగా కూర్చుని, వేగం తగ్గించి, గంట కోసం ఎడమ కాలితో గట్టిగా తొక్కింది. బస్సులో ఎడమ కాలి కింద ఉండేది క్లచ్చి. ట్రామ్‌ని పట్టాలే తిప్పుతాయి కాబట్టి స్టీరింగు మాత్రం ముట్టుకోలేదు. బస్సు మలుపు వంక కూడా చూడకుండా తిన్నగా వెళ్ళి ఇసక కుప్పలో ముక్కు పెట్టింది.

పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు నవ్వని మనిషట. ఆయన మెల్లగా, "అమ్మా, అక్కడ మలుపు వచ్చింది కదా?" అన్నాడట.

"వచ్చింది సార్," అందిట మా ఆవిడ. "బండి ఎందుకు తిరగలేదో నాకూ అర్థం కాలేదు."

నేను నవ్వు ఆపుకుందామని ఎంతో ప్రయత్నించాను. నా వల్ల కాలేదు. రెండు రోజులు కాఫీ లేదు.

రెండోసారికి బామ్మర్ది రంగంలోకి దిగాడు. ఖాళీ మైదానంలో అక్కకి తన లారీ ఇచ్చి, పక్కన కూర్చుని, "తిప్పు అక్కా! తిప్పు! అయ్యో తిప్పు!" అని గొంతు పోయేలా అరిచాడు. పది రోజులకి ఆవిడ తిప్పడం నేర్చుకుంది. పరీక్షలో మూడు మలుపులూ తిప్పింది. నాలుగో వీధిలో దారికి అడ్డంగా ఎవడో వ్యాను ఆపి ఉంచాడు. మా ఆవిడ దాని వెనక బస్సు ఆపి, హారన్ కొట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ కూర్చుంది. పదకొండు నిమిషాలు.

"ఎందుకు ఆగారమ్మా?" అన్నాడట ఇన్‌స్పెక్టరు.

"ముందు వ్యానుంది సార్. డ్రైవరు రావాలిగా."

"పక్కనుంచి వెళ్ళొచ్చుగా?"

ఆవిడ ఆయన వంక వింతగా చూసిందట. పక్కనుంచి వెళ్ళడమనేది ఇరవై రెండేళ్ళలో ఆవిడకి తట్టాల్సిన అవసరమే రాలేదు మరి! నర్సు చదువు చదువుతున్న మా అమ్మాయి ఫోన్లో ఇది విని ఎంత నవ్విందంటే అటువైపు ఎవరో వచ్చి ఏమైందని అడిగారు.

ఈసారి నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ సాయంత్రం మా ఆవిడ వంటింట్లో గిన్నెలు తోముతూ, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఇక ఒక్కటే ఉంది," అంది. "అదీ పోతే నేను ఆ గదిలోకి పోతాను. మర్చిపోయిన గొడుగుల్లో నేనూ ఒక గొడుగుని."

"పోనీలే, జీతం అదేగా," అన్నాను ఓదార్చడానికి.

"మీకు జీతమే కనబడుతుంది," అని ఆవిడ గిన్నె ఠపీమని బోర్లించింది. ఆవిడకి ఆ వీధంటే అంత పిచ్చి ఎందుకో నాకు బోధపడలేదు. వీధిలో ఉన్నది నేనూ, తాతా, కూరల పిన్నీ, కుళ్ళిన టమాటాలూను. కానీ ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, అది చూడ్డం నా వల్ల కాలేదు. ఆ రోజే నిశ్చయించుకున్నాను, నేర్పితే నేనే నేర్పాలి.

"నువ్వా బావా?" అని బామ్మర్ది పగలబడి నవ్వాడు. "నీకు సైకిలే సరిగ్గా రాదు! నీ కత్తికీ బస్సుకీ పోలికేంటి?"

"నోరు ముయ్యరా. చెవి చుట్టూ పట్టాలు వేసి ఉంటాయా? గడ్డం కింద మలుపుంటుంది, దవడ దగ్గర ఎత్తుంటుంది, మధ్యలో పులిపిరి అడ్డమొస్తుంది. వీటన్నిటి పక్కనుంచీ నా చెయ్యి దారి చూసుకుని పోతోందా లేదా? మీ అక్కకి రానిది అదొక్కటే. అరిస్తే వచ్చేది కాదది."

మర్నాడు పొద్దున్న షాపు తెరవకముందే నేను నా కుర్చీలో కూర్చుని మా ఆవిడ చేతికి కత్తి ఇచ్చాను. మొదట ససేమిరా అంది. తరవాత పట్టుకుంది. చెంప మీద తిన్నగా, అందంగా, ఒకే వేగంతో వచ్చింది. దవడ దగ్గర మలుపొచ్చింది. చెయ్యి తిన్నగానే వెళ్ళింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అయ్యో! తెగిందా?"

"లేదు, రక్తం ఊరికే వస్తోంది! కత్తి వంక చూడకే తల్లీ, కత్తి ఎక్కడికి పోవాలో అక్కడ చూడు. నువ్వు చూసిన చోటికి చెయ్యి అదే వస్తుంది."

ఆ రోజు మూడు గాట్లు. రెండో రోజు రెండు. మూడో రోజు పులిపిరి దగ్గరికి వచ్చి చెయ్యి ఆపేసి అలాగే నిలబడింది.

"ఏంటి, అది లేచి వెళ్ళిపోతుందని చూస్తున్నావా?" అన్నాను.

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే దాని పక్కనుంచి వెళ్ళింది. పన్నెండు రోజుల్లో మొత్తం తొమ్మిది గాట్లు, ఆఖరి నాలుగు రోజులూ ఒక్కటి కూడా లేదు. గాట్లు చూసి కస్టమర్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారు. చెప్పుల తాత మాత్రం రోజూ పలకరించాడు.

"ఏమోయ్, ఇవాళ నిన్నటికన్నా నయంగా ఉన్నావు. అమ్మాయికి కోపం తగ్గినట్టుంది!"

ఈలోగా ట్రామ్‌లు ఆగిపోయాయి. వంతెన దగ్గర తవ్వకం మొదలైంది, మా వీధిలో పట్టాలు ఇంకా తియ్యలేదు కానీ వాటి మీద ఏమీ నడవడం లేదు. పాసైన వాళ్ళెవరో బస్సులు తెచ్చారు. మా వీధి ఆగమాగమైపోయింది. నా సీసాలు మూగబోయాయి, అయినా కత్తి ఏడు నిమిషాలకోసారి లేస్తూనే ఉంది. కస్టమరు, "ఏమైందండీ?" అని కంగారుగా లేవబోతాడు. కబుర్లు చెప్పాలని దాచుకున్నవాడు ఎప్పుడు చెప్పాలో తెలీక అలాగే ఇంటికి పోతాడు. బీరువా మోసే కూలీలు ఆగకుండా మోసి మోసి నడుములు పట్టుకున్నారు. వీటన్నిటికన్నా ఘోరం ఆ బస్సులు. ఒకటి ఇటు ఒరుసుకుపోతుంది, ఒకటి అటు. ఏది ఎటొస్తుందో తెలీక జనం గోడలకి అతుక్కుపోయారు. తాత పెట్టె రెండుసార్లు ఎగిరి పడింది. మూడోసారికి ఆయన పెట్టె తీసుకుని నా గుమ్మంలోకి వచ్చేశాడు, అక్కణ్ణుంచి నా కస్టమర్ల చెప్పుల మీద వ్యాఖ్యానాలు చెయ్యడం మొదలుపెట్టాడు.

మూడో పరీక్ష మా వీధిలోనే పెట్టారు. బస్సు ఖాళీగా ఉండకూడదు, మనుషులు ఎక్కాలి, ఇంట్లోవాళ్ళైనా ఫరవాలేదు అన్నాడు ఇన్‌స్పెక్టరు. బామ్మర్ది లారీ వదిలేసి వచ్చాడు. తాత కొత్త చొక్కా వేసుకున్నాడు. కూరల పిన్ని కూరల మీద గోనె కప్పి ఎక్కింది. నేను పొద్దున్న పదింటికి షాపుకి తాళం వేశాను. మామూలు రోజున పదింటికి తాళం వెయ్యడం నా జన్మలో అదే మొదలు.

బస్సెక్కి మా ఆవిడ వెనక సీట్లో కూర్చున్నాక ఒక సంగతి తట్టింది. నేను ఇంతవరకూ ఆవిడ నడిపే బండి ఎక్కలేదు. ఒక్కసారి కూడా! ఆవిడ డ్యూటీ టైమూ నా షాపు టైమూ ఒకటే, సెలవు కూడా ఇద్దరికీ ఒకే రోజు. ఆవిడ నడుపుతుంటే వీపు వైపు నుంచి ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు. తిన్నగా కూర్చుంది. మెడ మీద చెమట పట్టింది.

"కానివ్వండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బస్సు వీధిలోకి తిరిగింది. అంటే ఆవిడే తిప్పింది, మెత్తగా, దవడ దగ్గర తిప్పినట్టే. బామ్మర్ది నా తొడ గిల్లాడు. వీధిలోకి వచ్చాక చూద్దును కదా, ఆవిడ ఆ బస్సుని సరిగ్గా పాత ట్రామ్ పోయిన చోటునుంచే పోనిస్తోంది. అంగుళం ఇటు లేదు, అటు లేదు. గోడలకి అతుక్కున్న జనం మొదట బిత్తరపోయి చూశారు, తరవాత డ్రైవరు సీట్లో ఎవరున్నారో చూసి గోడ వదిలేసి ముందుకొచ్చారు. కాఫీ కొట్టు అతను లోపలికి లాక్కున్న కుర్చీని మళ్ళీ బయట పెట్టాడు.

"అమ్మాయ్, ఇలా నడిపితే నా పెట్టె రేపు పాతచోట పెట్టేసుకుంటా!" అని వెనకనుంచి తాత అరిచాడు.

"పరీక్ష జరుగుతోందండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అప్పుడు కనబడింది సామాన్ల వ్యాను. సగం రోడ్డు మీదికి వచ్చి ఆగి ఉంది, వెనకనుంచి ఇద్దరు సోఫా దించుతున్నారు. బామ్మర్ది కళ్ళు మూసుకున్నాడు. బస్సు వేగం తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగినంత పనైంది. హారన్ ఒక్కసారి మోగింది. 'అయిపోయింది,' అనుకున్నాను, 'ఇక చేతులు కట్టుకుంటుంది.' కట్టుకోలేదు. వ్యాను వంక చూడలేదు, వ్యాను దాటాక ఉన్న ఖాళీ వంక చూసింది. ఎదుటినుంచి ఏమీ రావడం లేదని చూసుకుని, మెల్లగా బయటికి తీసి, పక్కనుంచి వెళ్ళి, మళ్ళీ లోపలికి తెచ్చింది. ఇన్‌స్పెక్టరు సీట్లోంచి లేచి వెనక కొస సోఫాకి తగులుతుందేమోనని తొంగి చూశాడు. జానెడు దూరంలో దాటిపోయింది.

"అందరూ ముందు వైపే చూస్తారు, వెనక కొస గుద్దేస్తారు," అన్నాడాయన.

"ట్రామ్‌కి ఇంతకన్నా పెద్ద తోకండీ," అంది మా ఆవిడ. "అది మలుపులో ఎంత దూరం ఊగుతుందో చూసుకోకపోతే మా తాత మోకాలు ఎప్పుడో పోయేది."

ఇంకాస్త ముందుకి పోతే నా షాపు. ఇంత ఎత్తునుంచి దాన్ని నేనెప్పుడూ చూడలేదు. తాళం వేసిన అద్దాల తలుపు, లోపల ఖాళీ కుర్చీ, దాని ముందు గోడకి నా నిలువెత్తు అద్దం. బస్సు దగ్గరికి వస్తుండగా మా ఆవిడ తల ఒక్క క్షణం షాపు వైపు తిరిగింది. వెంటనే ఆవిడ నోట్లోంచి మాట జారిపోయింది.

"లేరే!"

"ఎవరమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆవిడ నాలిక్కరుచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. "ఏం లేదు సార్. మా ఆయన. రోజూ అక్కడ ఉంటారు. వెనకాలే కూర్చున్నారని మర్చిపోయాను."

బస్సులో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వబోయి, మళ్ళీ ఆ అద్దం వంక చూశాను. షాపులో నేను వీధికి వీపు పెట్టి నిలబడతాను, మొహం అద్దం వైపు. ఆవిడ సీట్లోంచి చూస్తే అద్దంలో నా మొహం తిన్నగా కనబడుతుంది. రోజుకి ఎనిమిది సార్లు. ఇంటికొచ్చి, "మధ్యాహ్నం తిన్లేదా? పదకొండింటికి ఎవరి మీద అరుస్తున్నారు? నడుం మళ్ళీ పట్టేసిందా?" అని అడిగేది. ఇవన్నీ చెప్పుల తాత చాడీలనుకుని ఇన్నేళ్ళూ ఆ ముసలాణ్ణి తిట్టాను. ఆవిడ పోగొట్టుకుంటానని ఏడ్చింది వీధిని కాదు. మర్చిపోయిన సామాన్ల గదిలో కిటికీ లేదని అంటే నాకు అర్థం కాలేదు, జీతం అదేగా అన్నాను! ఛీ, నాలాంటి మొద్దు ఇంకొకడు ఉంటాడా?

లైను చివర బస్సు ఆగింది. ఇన్‌స్పెక్టరు చాలాసేపు రాసుకున్నాడు. కాగితం చింపి ఇచ్చాడు. మా ఆవిడ దాని వంక చూడకుండానే నా చేతికిచ్చింది. చదివాను. నమ్మకం కుదరక మళ్ళీ చదివాను.

"ఏముందండీ? చెప్పి చావండీ!"

"పాస్," అన్నాను. "పాసయ్యావే!"

బామ్మర్ది, "మా అక్క! మా అక్క!" అని గంతులేశాడు. కూరల పిన్ని ఇన్‌స్పెక్టరుకి రెండు టమాటాలు ఇవ్వబోతే ఆయన పరీక్షల్లో పుచ్చుకోకూడదన్నాడు. అన్నాడు కానీ ఆ నవ్వని మనిషి పెదవులు కాస్త సాగాయి, నేను చూశాను. నేను మా ఆవిణ్ణి పక్కకి పిలిచాను.

"ఇన్నేళ్ళూ చూస్తున్నావుగా, ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవారు? అద్దం ముందు తల దువ్వుకుని, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడేవారు," అంది. "నాకు మీరు ఎలా ఉంటే అలా కావాలి. కోపంగా ఉన్నా సరే."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గడ్డం మీద గాటు మండుతోందని చెప్పాను. ఆవిడ నమ్మినట్టే ఊరుకుంది.

సోమవారం నుంచి ఆవిడ డ్యూటీ. తాత పెట్టె పాతచోటికి వెళ్ళింది. తొమ్మిదిన్నరకి నా కుర్చీలో ఒక గుమాస్తా ఉన్నాడు, మొహమంతా నురగ. ఒకటే ఆలోచన నన్ను ఆదివారమంతా తినేసింది. ఆ అద్దంలో ఆవిడకి నేను కనబడితే, నాకూ ఆవిడ కనబడాలి కదా? ఇరవై రెండేళ్ళుగా కనబడుతూనే ఉండి ఉండాలి కదా? నేనెప్పుడూ ఎవడి గొంతో చూస్తూ ఉండిపోయాను.

బయట బస్సు చప్పుడైంది. గుమాస్తా గడ్డం వదిలేసి తల ఎత్తి అద్దంలోకి చూశాను. మొదట తాత చొక్కా, తరవాత బస్సు ముందు గాజు, దాని వెనక మా ఆవిడ. తల ఇటు తిప్పి నన్ను వెతుకుతోంది. నేను చూస్తున్నానని ఆవిడ అనుకోలేదు, ఒక్కసారి కళ్ళు పెద్దవి చేసింది. తరవాత నవ్వింది. అంతే, రెండు క్షణాలు, బస్సు దాటిపోయింది.

"ఏమైందండీ, ఆగిపోయారు? ఎవరొచ్చారు?" అన్నాడు గుమాస్తా.

"మా ఆవిడ," అన్నాను.